చింతపండు కాటా

"కాస్త ఒళ్ళు చేశావే, బాగున్నావు" అని ఎవరైనా ఎవరినైనా మెచ్చుకుంటే నేను అక్కణ్ణించి లేచిపోతాను. ఇంట్లోవాళ్ళు దీన్ని ముసలి చాదస్తం కింద కొట్టేశారు. కొట్టెయ్యనీ. మనిషి ఒళ్ళు చేశాడో చిక్కాడో చూసి కాగితం మీద పెట్టడమే ఉద్యోగంగా నేను కొన్నాళ్ళు బతికాను. ఆ పనిలో చేసిన పాపం ఒకటుంది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. నాది పోదు, అయినా చెబుతాను.

మొదటి పెద్ద యుద్ధం అయిపోయి ఏడెనిమిదేళ్ళయి ఉంటుంది. అరకు వైపు కొండల్లోకి ఘాటీ రోడ్డు వేస్తున్నారు. కూలీలు జ్వరాలకి భయపడి పారిపోతుంటే సర్కారు ఖైదీలని తెచ్చి పనిలో పెట్టింది. వాళ్ళకోసం కొండమీదే ఒక తాత్కాలిక జైలు వెలిసింది. జైలంటే రాతిగోడలనుకునేరు. వెదురు తడికలు, గడ్డి కప్పు, చుట్టూ రెండు వరసల ముళ్ళకంచె. కంచె అవతలే శుక్రవారం సంత. ఖైదీలు ఎనభైమంది దాకా ఉండేవాళ్ళు. సగంమంది దిగువనుంచి తెచ్చిన దొంగలు, మిగతా సగం కొండవాళ్ళు. వీళ్ళ నేరమల్లా తాతముత్తాతలు పోడు కొట్టుకున్న కొండనే మళ్ళీ కొట్టడం. ఈలోగా ఆ కొండ రిజర్వు అడవి అయిపోయిందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్ళు ఇంగ్లీషులో చెప్పారు.

నేనక్కడ గుమస్తాని. మిషన్ బడిలో చదువుకున్నాను, దస్తూరీ గుండ్రంగా ఉండేది, ఇరవై రెండేళ్ళ వయసుకి ఎంత పొగరుండాలో అంతకు రెట్టింపు ఉండేది. ఆ పొగరు మూడు వారాల్లో దిగింది. మన్యం జ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు మధ్యాహ్నానికల్లా చలి, మూడు కంబళ్ళు కప్పినా ఆగని వణుకు, ఆ తరవాత పెనం మీద పెట్టినట్టు కాగడం. జ్వరం మందు క్వయినా మింగి మింగి నోట్లో ఏది పెట్టుకున్నా విషంలా ఉండేది. నూట పది పౌన్లతో కొండ ఎక్కినవాణ్ణి తొంభై నాలుగుకి వచ్చాను. వార్డర్లు నా ఎదట "బాబుగారు" అనేవాళ్ళు, నా వెనక "ఎండుచేప" అనేవాళ్ళు. రెండూ వినబడేవి.

మా జైలరు పల్టనులో చేసి వచ్చినవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, అక్కడ చెడ్డవాడంటూ ఎవరూ లేరు. ఆయనకి పట్టికలంటే ప్రాణం. ప్రతి ఖైదీనీ వారానికోసారి తూచాలి, బరువు రాయాలి. బరువు తగ్గితే తిండి సరిగా పెట్టడం లేదని పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారు. పెరిగితే పని సరిగా చేయించడం లేదని అడుగుతారు. అంచేత మా జైల్లో మనిషి ఎలా వచ్చినవాడు అలాగే ఉండాలి. ఆయన దగ్గర ఒక అచ్చు కాగితం ఉండేది. ఇంత ఎత్తుకి ఇంత బరువు, అంతకి మించితే అధికం. అది తెల్ల సిపాయిల కోసం వేసిన లెక్కని నాకు చాలాకాలం తరవాత తెలిసింది. అప్పట్లో మాత్రం మా గుడిసె గుంజ మీద సుద్దతో అంగుళాలు గీసి, ఖైదీని దానికి ఆనించి నిలబెట్టి, కాగితంలో వేలు పెట్టి చూసేవాణ్ణి. మించినవాళ్ళ పేర్లు వేరే కాగితం మీద రాసేవాణ్ణి. ఆ కాగితానికి "ఒళ్ళు చేసినవాళ్ళు" అని తలకట్టు పెట్టింది నేనే. జైలరు నవ్వి, బాగుందన్నాడు.

సర్కారు పంపిన కాటా మాకు చేరలేదు. ఘాటీ మలుపులో బండి ఒరిగి, బండీ కాటా ఒక ఎద్దూ లోయలో పడ్డాయి. కాటా గురించి మూడు ఉత్తరాలు నేనే రాశాను. ఎద్దు గురించి ఎవరూ రాయలేదు. కొత్తది వచ్చేలోపల సంతలో చింతపండు కొనే సావుకారు కాటా వాడుకోమని జైలరు చెప్పాడు. లావుపాటి దూలానికి వేలాడే కాటా అది. ఒక వైపు పళ్ళెం, అందులో ఇనప రాళ్ళు. రెండో వైపు గొలుసులు, వాటికి చింతపండు బుట్టలు కట్టేవాళ్ళు. శుక్రవారం మధ్యాహ్నానికి సంత బేరాలు సద్దుమణిగాక వార్డర్లు దాన్ని కంచె పక్కకి మోసుకొచ్చి, బుట్ట విప్పి, ఉయ్యాలలాగ పలక కట్టేవాళ్ళు. సంతకొచ్చిన ఆడవాళ్ళు పొద్దున తమ చింతపండు వేలాడిన చోటే మధ్యాహ్నం తమ మొగవాళ్ళు వేలాడడం కంచె అవతలనుంచి చూసేవాళ్ళు.

కొండవాళ్ళ ఇళ్ళల్లో తూకం లేదు. ధాన్యమైనా గింజలైనా కుంచంతో, అడ్డతో కొలుచుకోవడమే. కాటా ఎక్కేది సంతకొచ్చిన సరుకు ఒక్కటే. అంటే వాళ్ళ లెక్కలో కాటా ఎక్కిందంటే అమ్ముడుపోయిందని. ఈ సంగతి నాకు తెలిసింది, నేను చెప్పబోయే మనిషి మొదటిసారి పలక మీద కూచున్న రోజున. కొత్తగా వచ్చాడు, ఆరు నెలల శిక్ష. పొట్టివాడు, బండరాయిలాంటి ఛాతీ. గొలుసులు రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు నేలకి అందక ఆడుతుంటే, సావుకారు వైపు చూసి అడిగాడు.

"నన్ను ఎవులు కొన్నారు?"

"సర్కారు కొన్నాది" అన్నాడు ఒక వార్డరు.

"మరి మా ఆడదానికి సెప్పినారా?"

మేమందరం పగలబడి నవ్వాం. దిగువ దొంగలూ నవ్వారు. అప్పటికి నాకు జ్వరం వచ్చి రెండు నెలలు, అంతగా నవ్వడం అదే మొదటిసారి. నూట ఎనిమిది పౌన్లని రాసుకున్నాను. ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. కాగితం ప్రకారం సరిగ్గా ఉన్నాడు.

మా జైల్లో తిండి బాగుండేది. ఇది వెటకారం కాదు, అప్పుడు మేమందరం నమ్మిన మాట. దిగువ మిల్లులో పాలిష్ పట్టిన బియ్యం ఎద్దులమీద కొండెక్కి వచ్చేది. మల్లెపువ్వులాంటి అన్నం. ఏడాది పొడుగునా చోళ్ళూ, అంటే రాగులూ, సామలూ తినే కొండవాడికి పండక్కి కూడా దొరకని అన్నం. "వీళ్ళకి జైలంటే అత్తారిల్లురా" అనేవాడు జైలరు. ఖైదీలు కూడా మొదట్లో సంబరపడ్డారు. ఆ మనిషైతే చేతిలో ముద్ద పట్టుకుని కాసేపు చూసుకుని గాని తినేవాడు కాదు.

రెండో నెలకి అతను నూట పద్నాలుగు తూగాడు. మూడో నెలలో నూట ఇరవై ఒకటి. కాగితం ఒప్పుకునేది నూట పద్ధెనిమిది. "ఒళ్ళు చేసినవాళ్ళు" పట్టికలో అతని పేరు మొదట ఎక్కింది. మొహం గుండ్రంగా, నున్నగా అయింది. కళ్ళ కింద సంచులొచ్చాయి. కాళ్ళు మోకాళ్ళనుంచి మడమల దాకా ఒకే లావుకి వచ్చాయి. వార్డర్లు "గుమ్మడిపండు" అని పిలవడం మొదలుపెట్టారు. తూకం రోజున అతని వంతు వచ్చేసరికి పళ్ళెంలో ఎన్ని రాళ్ళు వేస్తే పైకి లేస్తాడో అని చుట్టూ మూగేవాళ్ళు. ఒకసారి కావాలనే రాళ్ళన్నీ ఒక్కసారి పడేసి అతన్ని ఎగరేశారు. కింద పడ్డాడు. లేవలేక బోర్లా తిరిగి, చేతుల మీద ఆని, కాసేపలా ఉండిపోయాడు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

నాకు నిజంగా కడుపు మండేది. ఎందుకు దాచాలి? నేను చదువుకున్నవాణ్ణి, సర్కారు ఉద్యోగిని, తొంభై నాలుగు పౌన్లు. వీడు ఖైదీ, కూర్చుని నున్నబడుతున్నాడు. ప్రతి శుక్రవారం అందరూ వెళ్ళాక నేనూ ఆ పలక మీద కూచుని తూచుకునేవాణ్ణి. ఆ తరవాత పట్టికలో అతని అంకె వైపు చూస్తే, నా ఒంట్లోంచి జారిపోయిన మాంసమే అతని ఒంటికి వెళ్ళి అంటుకున్నట్టు తోచేది.

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు" అన్నాడు జైలరు పట్టిక చూసి. "వీడేమిటోయ్, కరక్కపోగా పెరుగుతున్నాడు? పని మార్చు." నీళ్ళు మోసే పని తీసేసి రాతి రోలరు లాగే ముఠాలో వేశాం. నాలుగు రోజులకి అతను రోడ్డు మీద చతికిలబడ్డాడని కబురొచ్చింది. నా దగ్గరకి తీసుకొచ్చారు.

"ఏమిటిరా నీ రోగం?"

"కాళ్ళు నావి కావు బాబూ. ఎవులివో తెచ్చి తగిలించినట్టున్నాది. గిల్లితే తెలవదు, నువ్వే గిల్లి సూడు. గుండెకాయ కొట్టుకుంతాది, పడుకుంటే ఊపిరాడదు."

కొండవాళ్ళకి "మీరు" అనడం రాదు. కలెక్టరు వచ్చినా నువ్వే, దేవుడొచ్చినా నువ్వే. మామూలుగా నేను పట్టించుకునేవాణ్ణి కాదు. ఆ రోజు ఆ నున్నటి మొహంలోంచి ఏకవచనం రావడం నాకు ఒళ్ళంతా కారం రాసినట్టనిపించింది. "లావు దిగితే అన్నీ దిగుతాయి" అన్నాను. జైలరు తిండి తగ్గించమన్నాడు. పస్తు పెట్టమనలేదు, ఆ మాట కూడా చెప్పాలి. కొవ్వు పట్టేవి తీసెయ్యమన్నాడు. పప్పు, నువ్వులనూనె, ఉడికించిన గింజలు తీసేశాం. తెల్లన్నమూ చారూ మిగిలాయి. ఆ ఉత్తర్వు నా గుండ్రటి దస్తూరీతోనే వంటశాల గుంజకి అంటించాను.

అతని పెళ్ళాం మొదటినుంచీ ప్రతి సంతకీ వచ్చేది. రెండు కొండలవతల ఊరు. ముక్కుకి మూడు కమ్ములు, భుజాన చింతపండు బుట్ట. తూకం అయ్యేదాకా కంచె దగ్గర నిలబడి, మొగుడు పలక దిగాక నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోయేది. వాళ్ళ లెక్క నెలల్లో ఉండదు, సంతల్లో ఉంటుంది. ఇంక ఎనిమిది సంతలు, ఇంక ఏడు. అతను విడుదలయ్యే వేళకి తొలకరి పడుతుంది, చోళ్ళు చల్లాలి. అతను రాకపోతే చల్లేవాళ్ళు లేరు, ఆమె కడుపుతో ఉంది.

తిండి తగ్గించిన వారం తూకంలో అతను నూట ఇరవై ఏడు తూగాడు. పలక దిగి, కంచెకి ఆనుకుని కూలబడ్డాడు. ఆమె ముళ్ళ మధ్యనుంచి చెయ్యి దూర్చి, అతని ముంగాలి ఎముక మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కింది. తీసింది. వేలు దిగినచోట గుంట పడి, అలాగే ఉండిపోయింది. దానివైపు చూసి, తలెత్తి నన్ను పిలిచింది.

"బాబూ, ఇలా రా. ఇది ఒళ్ళు కాదు. ఇది నీరు."

"నువ్వు చెప్పొచ్చావా? కాటా చెబుతోంది" అన్నాను.

"ఆ కాటా సంగతి నాకు సెప్పకు. పొద్దున నా సింతపండు తూసినప్పుడు తక్కువ సూపించినాది. ఇప్పుడు నా మనిషిని తూత్తే ఎక్కువ సూపిత్తాదేటి? నీరు ఒట్టినాది. మా అమ్మకిలాగే ఒట్టింది. దిగువ పెద్దింట్లో పనికెళ్ళి, ఏడాది తెల్లన్నం తిని వచ్చి ఉబ్బిపోనాది. చోడంబలి పోత్తే దిగింది. బేగి నాను తెత్తాను, తాగించు."

సంత సంతంతా వింది. సావుకారు మొహం నల్లబడింది. తన కాటా దొంగ కాటా అని పదిమందిలో అనిపించుకున్నాక, ఇక ఖైదీల కోసం ఇవ్వనన్నాడు. జైలరు బతిమాలి ఒప్పించి, ఆ మీదట తూకం అవుతున్నంతసేపూ కంచె దగ్గరకి ఎవర్నీ రానివ్వొద్దని వార్డర్లకి చెప్పాడు. ఆ రోజునుంచి ఆమె మొగుణ్ణి చూడడం సంత మైదానం ఆ చివరనుంచే. మాట అందని, అతని ఉబ్బిన కళ్ళకి ఆమె ఆనని దూరం.

కాని అంబలి తేవడం మానలేదు. రోజు విడిచి రోజు, ఖైదీలందరూ రోడ్డు మీదకి పోయిన వేళకి, ఎండిన ఆనపకాయ బుర్రలో పోసుకుని రెండు కొండలు దిగి వచ్చేది. మొదటిసారి బయటి తిండి లోపలికి రాకూడదని పొమ్మన్నాను. వెళ్ళలేదు. గేటు గుంజ దగ్గర బుర్ర పెట్టుకుని సాయంత్రం దాకా కూచుంది. రెండోసారి నాకు జ్వరం దిగి చెమటలు పోస్తున్నాయి, ఆమెతో వాదించే ఓపిక లేదు. "ఇలా ఇయ్యి, నేనిస్తాలే" అన్నాను.

పారబోద్దామనే తీసుకున్నాను. ఒట్టు. మూత తీసేసరికి పులుపు వాసన వేసింది. అందులో ఉప్పూ, ఒక ఎండుమిరపకాయా. క్వయినా చేదు తప్ప ఇంకేమీ తెలియని నా నోరు ఊరింది. ఒక గుక్క తాగి చూశాను. తరవాత బుర్ర ఎత్తి పట్టుకుని అడుగుదాకా తాగేశాను. నెలల తరబడి కడుపులోకి వెళ్ళిన తిండేదీ నాకంత హాయినివ్వలేదు. ఖాళీ బుర్ర ఆమె చేతికిచ్చాను.

"తాగినాడా?"

"తాగాడు."

ఆమె బుర్ర ఊపి చూసుకుని నవ్వింది. ఎల్లుండి మళ్ళీ తెచ్చింది. ఆ మరుసటి ఎల్లుండీ తెచ్చింది. నేను వాకిట్లోకి వచ్చి ఎదురుచూడడం మొదలుపెట్టాను. మనసులో ఒక వకీలుని పెట్టుకున్నాను. వాడు నాకెప్పుడూ ఒకటే వాదన వినిపించేవాడు: ఆ ఖైదీకి లావు తగ్గాలని ఉత్తర్వు ఉంది, అతనికిస్తే ఉత్తర్వు తప్పినట్టు, పారబోస్తే అన్నాన్ని పారబోసిన పాపం. తాగడం ఒక్కటే ధర్మం. అడ్డమైన గడ్డీ తినడానికి ధర్మం కూడా అడ్డమేసుకున్నాను.

ఆ రోజుల్లోనే అతను నన్ను అడిగాడు. రోలరు పనికి అసలు లేవలేకపోతే గేటు కనబడని వెనక తడిక నీడన రాళ్ళు కొట్టడానికి కూచోబెట్టాం. మొహం ఎంత ఉబ్బిందంటే కళ్ళు గీతల్లా ఉన్నాయి. ఒక చేత్తో సుత్తి పట్టుకుని, రెండో చెయ్యి గుండె మీద పెట్టుకుని రొప్పుతున్నాడు.

"మా ఆడది వచ్చినాదా బాబూ?"

"రాలేదు" అన్నాను. వచ్చిందంటే అంబలి సంగతి బయటికొస్తుంది. నా గొంతులో ఇంకా ఆ పులుపు ఉంది.

"రాదులే. నడవలేదు కదా, ఏడో నెల" అన్నాడు. పెళ్ళాం రాలేదన్న కోపం కూడా లేకుండా, నేనేదో బాధపడతానని నాకే సర్ది చెప్పాడు. నాకప్పుడు జాలి వెయ్యలేదు. పట్టుబడలేదన్న నిశ్చింత కలిగింది. ఇది రాస్తుంటే నా చెయ్యి నాకే అసహ్యంగా ఉంది.

విడుదలకి ఇంక రెండు సంతలున్నాయనగా, ఒక శుక్రవారం పొద్దున్న హాజరు పిలిస్తే అతను పలకలేదు. తడికకి జారబడి కూచునే పోయాడు. పడుకుంటే ఊపిరాడదన్నాడు కదా, పడుకోలేదు.

అదే రోజు మూడు నెలలకోసారి వచ్చే డాక్టరు కొండ ఎక్కి వచ్చాడు. దిగువ మనిషే, తెల్ల కోటు మీద ఘాటీ దుమ్ము. జైలరు శవాన్ని చూపిస్తూ, "అధిక బరువండీ, ఎంత కట్టడి చేసినా ఒళ్ళు తగ్గలేదు. కొవ్వు గుండెకి పట్టేసింది" అని పట్టిక చేతిలో పెట్టాడు. డాక్టరు పట్టిక వైపు చూడలేదు. వంగి, ముంగాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. తీశాడు. ఆ గుంట నేను అంతకు ముందే చూశాను.

"ఒళ్ళు కాదయ్యా ఇది, నీరు. ఉబ్బురోగం. ఏం పెట్టారితనికి?"

నేను గుంజకి అంటించిన ఉత్తర్వు చదివాను. తెల్లన్నం, చారు. డాక్టరు నా వైపు తిరిగాడు. "తవుడు లేని బియ్యం పెట్టి, ఉన్న పప్పు కూడా తీసేశారా? వీళ్ళ చోళ్ళు వీళ్ళకి పోసినా పది రోజుల్లో నీరు దిగి లేచి తిరిగేవాడు. గ్లాసెడు అంబలి చాలునయ్యా" అన్నాడు. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండును. ఇంకో నలుగురి కాళ్ళు నొక్కి చూసి, అందరికీ చోళ్ళు పొయ్యమని రాసిచ్చి వెళ్ళిపోయాడు. తరవాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను: ఆ నలుగురికీ నీరు దిగింది, బతికారు. వాళ్ళ బరువు హఠాత్తుగా ఎందుకు తగ్గిందని పైనుంచి సంజాయిషీ అడిగారు.

డాక్టరు వెళ్ళాక జైలరు పట్టిక తెరిచి, "విడుదల నాటి బరువు అన్న గడి ఖాళీగా ఉంచితే తిప్పి పంపేస్తారోయ్" అన్నాడు. మధ్యాహ్నం కాటా వచ్చింది. శవాన్ని తూస్తే కాటాకి మైల అని సావుకారు గోల పెట్టాడు. ఆ తరవాత పసుపునీళ్ళు పోసి కాటా అంతా కడిగించుకున్నాడు లెండి. పలక మీద కూచోబెడితే నిలవడం లేదని నడుముకీ గొలుసుకీ కలిపి తాడు వేశారు. తల వాలిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, అంతమాత్రం మనుషులం. నూట ముప్పై ఒకటి. రాసుకున్నాను.

అప్పటికి సంతలో కబురు పాకింది. మైదానం ఆ చివరనుంచి ఆమె వచ్చింది. కడుపుతో ఉన్న మనిషి, పరిగెత్తలేదు, నడిచే వచ్చింది. వార్డర్లు ఆపలేదు. తాడు విప్పి అతన్ని కింద పడుకోబెడుతుంటే పక్కన కూచుని చూసింది. ఏడుపు రాలేదు. తలెత్తి నన్నడిగింది.

"ఎంత తూగినాడు?"

ఆమెకి పౌన్లు తెలియవు. చింతపండు లెక్కలో చెప్పాను. "నలభై రెండు వీశెలు."

"వచ్చినప్పుడో?"

"ముప్పై నాలుగున్నర."

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆ కొండ మీద ఏ సావుకారూ ఎప్పుడూ ఆమెకి చెయ్యని పని మేం చేశామని తేల్చుకున్నట్టుంది.

"అయితే తీసుకున్నదానికంటే ఎక్కువే ఇచ్చినారు బాబూ" అంది.

ఆమె మొగుడి కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కింది. పొద్దుట డాక్టరు నొక్కిన గుంట ఇంకా పూడలేదు, దాని పక్కనే ఇంకోటి పడింది. అప్పుడు మళ్ళీ నన్నడిగింది.

"నా అంబలి తాగినాడు కదా?"

"తాగాడు."

"రోజూ తాగినాడా? పారబొయ్యలేదు కదా?"

"ఒక్క చుక్క కూడా పారబొయ్యలేదు."

అది నిజమే. అంబలి సంగతిలో నేను చెప్పిన నిజం అదొక్కటే.

"మరెందుకు దిగనేదు?" అంది. నన్ను కాదు, తన చేతుల్ని అడిగింది. "మా అమ్మకి దిగింది. అవే చోళ్ళు, అదే కుండ. నాను సరిగ్గా పులియబెట్టనేదేమో. కడుపుతో ఉన్నదాన్ని, నా సెయ్యి మంచిది కాదేమో. నా అంబలే తిరగబడినాదేమో బాబూ, నువ్వు సదువుకున్నోడివి, సెప్పు."

చెప్పవలసిన మాట ఒక్కటే, నాలుగు అక్షరాలు కూడా ఉండవు. నోటిదాకా వచ్చింది. జైలరు పక్కనే ఉన్నాడు, వార్డర్లున్నారు, ఉద్యోగం ఉంది. "నాకు తెలీదు" అన్నాను. ఆమె తల ఊపింది, తప్పు తనదేనని ఒప్పుకున్నట్టు. ఊరివాళ్ళు నలుగురొచ్చి అతన్ని కావిడి బొంగుకి కట్టి ఎత్తుకున్నారు. నీరుపట్టిన మనిషి కదా, బొంగు వంగిపోయింది. ఆమె వాళ్ళ వెనకాలే కొండ ఎక్కింది, భుజాన ఆ రోజు తెచ్చిన బుర్ర నిండుగా అలాగే ఉంది. ఆమెకి ఏ బిడ్డ పుట్టిందో, చోళ్ళు ఎవరు చల్లారో నాకు తెలియదు. నేను కనుక్కోలేదు.

సాయంత్రం అందరూ వెళ్ళాక సావుకారు మనుషులు కాటా మోసుకుపోవడానికి వచ్చారు. ఒక్క నిమిషం ఆగమన్నాను. ఎందుకో నాకే తెలియదు, ప్రతి శుక్రవారం చేసే పని, కాళ్ళు వాటంతటవే వెళ్ళాయి. పసుపునీళ్ళకి పలక ఇంకా తడిగా ఉంది. ఎక్కి కూచున్నాను. వాళ్ళు రాళ్ళు ఒక్కొక్కటే వేశారు.

"బాబుగారు ఒళ్ళు సేసినారు" అన్నాడు ఒకడు సంతోషంగా. నూట తొమ్మిది.